ఉపజాతికి ఆమె పేరు

"మా కోడలి ఉద్యోగమా? రాళ్ళు కరిగించి గుల్లలు ఏరుతుంది," అని అత్తగారు పక్కింటావిడతో గోడ మీదుగా చెబుతుంటే, వంటింట్లో గిన్నెలు తోముతూ ఆమె వింది. ఆ మాటలో ఎగతాళి లేదు, గొప్పా లేదు. నిజానికి అబద్ధం కూడా లేదు. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద కోట్ల ఏళ్ళకు రాయి అయింది. ఆ రాయిని ఆమ్లంలో కరిగించి, మిగిలిన పొడిని కడిగి, సూక్ష్మదర్శిని కింద సన్నని కుంచెతో గుల్లల్ని ఒక్కొక్కటిగా పక్కకు తీయడమే ఆమె పని. రేడియోలేరియా అనే కంటికి ఆనని జీవులవి. ప్రాణం ఎప్పుడో పోయింది, గాజులాంటి గుల్ల మిగిలింది.

ఈమధ్య ఒక రాతిపొరలో దొరికిన గుల్లలు తెలిసిన జాతివే, కానీ అచ్చం దానిలా లేవు. గంటలాంటి ఆకారం, కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే అరలు, గోడల నిండా రంధ్రాలు, అంతా మామూలే. తలమీది కొమ్ము మాత్రం నిటారుగా లేదు, ఒక పక్కకు వంగింది. అడుగున ఉండాల్సిన కాళ్ళు అసలే లేవు, చివరి అర అంచు గౌను కుచ్చుల్లా విచ్చుకుంది. మొదటిది చూసినప్పుడు విరిగిందేమో అనుకుంది. తీసినవన్నీ అలాగే ఉండేసరికి సంగతి అర్థమైంది. ఆ జాతిలోనే ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని కొత్త ఉపజాతి.

కొత్తదానికి పేరు నిలవాలంటే ముందు దాని రూపాన్ని వివరంగా వర్ణించి శాస్త్ర పత్రికలో అచ్చేయించాలి. ఆ వర్ణన రాయడానికి వేసవి అంతా పట్టింది. రంధ్రాలు గుండ్రంగానా, కోలగానా అన్న ఆలోచనలోనే బట్టలు మడతపెట్టింది, కూర మాడ్చింది. "కొమ్ము మొదట్లో మూడు పలకలుగా ఉండి" అని రాస్తుండగా "నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?" అని భర్త కేకేస్తే, లేచి వెళ్ళి చొక్కా ఇచ్చి వచ్చేసరికి ఆ వాక్యం ఎటు పోవాలో మరిచిపోయేది. మళ్ళీ మొదటినుంచి చదువుకునేది. ఆ వేసవంతా అలసట ఆమెకు చీర కొంగులా వెంటే ఉంది.

రాసింది తీసుకెళ్తే, ఆమె పనిచేసే ప్రయోగశాలకు పెద్ద అయిన ప్రొఫెసర్ ఒకసారి సూక్ష్మదర్శినిలోకి తొంగి చూసి, "బావుందమ్మా," అన్నాడు. తర్వాత చాలా ప్రేమగా చెప్పాడు. "దీనికి నీ పేరే పెడుతున్నాను. లోకం ఉన్నంతకాలం ఉంటుంది. కాకపోతే ఎవరి పేరు వాళ్ళు పెట్టుకోవడం బాగోదు కదా, అందుకని వర్ణించినవాళ్ళుగా నా ఒక్కడి పేరే వేద్దాం."

ఆమె "థాంక్యూ సార్" అంది. అలవాటు కొద్దీ నోరు ముందే అనేసింది.

ఇంట్లో చెబితే భర్త నిజంగానే పొంగిపోయాడు. "రాసింది నేను కదండీ, ఆయన పేరెందుకు?" అంటే, "నీ పేరే పెడుతుంటే ఇంకా ఏం కావాలి నీకు? ఎంత పెద్దమనసు ఆయనది," అన్నాడు. ఆదివారం చుట్టాలందర్నీ భోజనానికి పిలిచాడు. తన గౌరవార్థం జరిగే విందుకి పొద్దున్నుంచీ కూరలు తరిగింది ఆమే. వచ్చినవాళ్ళు శుభాకాంక్షలు చెప్పి, ఇంకాస్త పులుసు వెయ్యమన్నారు. భర్త మేనత్త ఒక్కతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంతకీ అదెలా ఉంటుందే?"

చేతిలో గరిటెతోనే ఆమె నోరు తెరిచింది. ఎక్కడ మొదలుపెట్టాలి? కొమ్ము దగ్గరా, అంచు దగ్గరా? ఒక్కరు కూడా ఇంతవరకు అడగని ప్రశ్న అది. ఈలోగా భర్త అందుకున్నాడు.

"అసలు కంటికే కనపడదులే అత్తా."

అందరూ నవ్వారు. తనూ నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి గట్టు పట్టుకుని నిలబడింది. కోపం కూడా రాలేదు. కోపానికి కావలసిన ఓపిక లేదు. ఇలాగే పోతే తను ఒక పేరుగా మాత్రమే మిగిలిపోతుంది, ఇంకొకరు వర్ణించిన వస్తువుగా. ఆ సంగతి మాత్రం గాజులోంచి చూసినంత స్పష్టంగా కనిపించింది.

మర్నాడు ప్రొఫెసర్ గదికి వెళ్ళింది.

"సార్, దానికి నా పేరు వద్దు."

ఆయన కళ్ళజోడు తీశాడు. "ఇంట్లో ఏమైనా గొడవా అమ్మా?"

"లేదు సార్. ఇంట్లో అందరూ సంతోషంగానే ఉన్నారు. వర్ణించింది నేను, అక్కడ నా పేరుండాలి. దానికి దాని రూపాన్ని బట్టే పేరు పెడతాను, వంగిన కొమ్ము అని అర్థం వచ్చేలా."

"పత్రికవాళ్ళు నా పేరు చూసి అచ్చేస్తారు. అది తెలుసా నీకు?" ఆయన గొంతులో ప్రేమ తగ్గింది. "అంతగా అయితే నా పేరు పూర్తిగా తీసేసి పంపించుకో."

ఆమె బతిమాలుతుందని ఆయన ఎదురుచూశాడు. అచ్చు వేస్తారో లేదో ఆమెకూ తెలియదు. 

"సరే సార్," అని, బల్లమీదున్న తన కాగితాలు తీసుకుని బయటికి వచ్చింది.

సాయంత్రం విషయం వినగానే భర్త కుర్చీలో కూలబడ్డాడు. "చుట్టాలందరికీ చెప్పేశాను. ఇప్పుడు ఏమని చెప్పను?"

"ఇచ్చిన పేరు మా ఆవిడ వద్దందని చెప్పండి," అంది ఆమె. "ఎందుకని అడిగితే, నాకు ఫోన్ ఇవ్వండి."