పక్క సీటు నుంచి అంకెలు

ఆ షెడ్డులో ఇరవయ్యేళ్ళుగా ఒకటే పద్ధతి. బండికి స్కానర్ తగిలించి మెకానిక్ తోలుతాడు. వాళ్ళక్క పక్క సీట్లో కూర్చుని తెర మీద కదిలే అంకెలు పైకి చదువుతుంది. ఇంజను ఆ క్షణాన ఏం చేస్తోందో చెప్పే అంకెలవి. రోడ్డునీ తెరనీ ఒకేసారి చూడాలంటే మనిషికి కనీసం మూడు కళ్ళుండాలి. తమ్ముడికి రెండే ఉన్నాయి, రెంటికీ చత్వారం.

అక్క ఊరికే చదవదు. "పద్నాలుగొందలు... పదహారు... అబ్బో, ఎక్కడికే తల్లీ ఆ పరుగు... ఇదిగో, చతికిలపడింది" అంటూ చదువుతుంది. ఆవిడ గొంతు విని ఎదురొచ్చే లారీలు కూడా గేరు తగ్గించుకునేవి.

పనిలో పడి ఇద్దరూ పెళ్ళి చేసుకోవడం మర్చిపోయారు. అక్కకి యాభై నాలుగో ఏట గుర్తొచ్చింది. గుర్తుచేసినవాడు కళ్ళద్దాల షాపాయన. ఎత్తెక్కుతుంటే కారు వణుకుతోందని పదకొండుసార్లు తెచ్చాడు. పదకొండుసార్లూ వెనక సీట్లో కూర్చుని అంకెలు విన్నాడు. లోపం దొరకలేదు. పన్నెండోసారి వచ్చి అక్కని తీసుకెళ్ళాడు.

"ఒక్కడివీ ఎలా చేస్తావురా చిన్నోడా?" అంది అక్క వెళ్తూ వెళ్తూ, ముక్కు చీది.

"నా చెవులకి విశ్రాంతి దొరుకుతుంది. నేను పిలిచేదాకా ఇటు రాకు."

అక్క మాటంటే మాటే. మూడు నెలలైంది, రాలేదు. అతను పిలవలేదు. అటునుంచి ఫోనొస్తే "పనిలో ఉన్నా" అని పెట్టేసేవాడు. పెట్టేసి, పని కోసం వెతుక్కునేవాడు. షెడ్డులో పొద్దున స్పానర్ కింద పడితే ఆ చప్పుడు మధ్యాహ్నం దాకా అక్కడే తిరుగుతూ ఉండేది. దాన్ని పొమ్మనడానికి అతనికి మనసొప్పేది కాదు.

అప్పుడొచ్చాడు స్కూలు వ్యాను డ్రైవరు.

"ఫ్లైఓవరెక్కితే చాలన్నా, మొరాయిస్తోంది. పిల్లలు దిగి తోస్తామంటున్నారు. సోమవారానికి బాగవకపోతే స్కూలోళ్ళు వేరే వ్యాను మాట్లాడుకుంటారంట."

"ఫిల్టరు మార్చావా?"

"రెండుసార్లు మార్చా. నీ మీద ఒట్టు."

"ఒట్టు నీ మీద పెట్టుకో."

షెడ్డులో ఆ వ్యాను అమాయకంగా గురగురలాడింది. దాని రోగం ఎత్తెక్కితేనే బయటపడుతుంది. అతను స్కానర్‌ని పక్క సీట్లో పెట్టి, జారకుండా బెల్టు కట్టి, ఒంటరిగా బయల్దేరాడు. ఫ్లైఓవర్ మొదట్లో వ్యాను ఒక్క కుదుపు కుదిపింది. అతను తెర వైపు చూశాడు. తల ఎత్తేసరికి ఎదురుగా బస్టాపు. అక్కడ నిల్చున్న ఏడుగురూ ఒకే బెంచీ ఎక్కారు. అందులో ఒకాయన చెప్పు ఇప్పటికీ దొరకలేదు.

వ్యాను పక్కకి ఆపి, స్టీరింగు పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. అంకె మాత్రం చూడనేలేదు. పోనీ డ్రైవర్ని కూర్చోబెట్టుకుందామా అంటే, వాడికి అంకెల్లో తెలిసింది క్రికెట్ స్కోరొక్కటే.

మూడు నెలల్లో మొదటిసారి తనే ఫోన్ చేశాడు. వీడియో కాల్. ఫోన్‌ని సీటుకి కట్టి, కెమెరాని స్కానర్ వైపు తిప్పాడు.

"అంకెలు చదవాలి," అన్నాడు.

అటునుంచి కళ్ళజోడు తెరిచిన చప్పుడు.

"ఎత్తెక్కించు."

ఎక్కించాడు.

"ఇంధన ఒత్తిడి... ఇంజను అడిగింది పన్నెండొందలు, అందింది పదకొండు. పద, పద... అందింది తొమ్మిదొందలు. ఏడు! ఒరేయ్, దాని గొంతు ఎవరో నొక్కుతున్నార్రా! కాలు తియ్యి. ఆఁ, మళ్ళీ పన్నెండు."

అతను షెడ్డుకొచ్చి వ్యాను కిందకి దూరి, ట్యాంకు నుంచి వచ్చే గొట్టం విప్పి కోశాడు. లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. ఇంజను గట్టిగా పీల్చినప్పుడల్లా అదే దారి మూసేస్తోంది. కొత్త గొట్టం వేశాడు. శనివారం సాయంత్రానికి డ్రైవరు ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. అక్కకి "అయిపోయింది" అని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం షెడ్డులో స్పానర్ కూడా కింద పడలేదు.

సోమవారం పదింటికి తన పాత జీపుకి స్కానర్ తగిలించి, ఫోన్ కట్టి, అక్కకి కలిపాడు.

"ఈసారేంటి?"

"నా జీపు. ఎత్తెక్కుతుంటే వణుకుతోంది."

"ఎక్కుతున్నావా ఇప్పుడు?"

"ఆఁ."

"స్పీడు సున్నా చూపిస్తోందిరా."

షెడ్డులో నిలబడ్డ జీపు తన మానాన తాను ఆడుతోంది.

"మీ బావ కారుకి కూడా అచ్చం ఇదే రోగం," అంది అక్క. కళ్ళజోడు సర్దుకుంది. "వేడి ఎనభై ఎనిమిది. ఆర్పీఎం ఎనిమిదొందల పది... ఎనిమిదొందలు... అబ్బో, ఎక్కడికీ పోవట్లేదు మహాతల్లి... ఎనిమిదొందల ఐదు..."

అతను సీటు వెనక్కి వాల్చుకున్నాడు.

"ఆపకు," అన్నాడు.