సగం మాట

ఉదయం ఆరున్నరకి బస్సెక్కగానే గైడు చేసే మొదటి పని తలలు లెక్కపెట్టడం. తరవాత మైకులో ఓసారి ఊది, నగరం దాటేదాకా తన పాత జోకులన్నీ చెబుతాడు. కడుపులో తిప్పేవాళ్ళు ఎక్కడ కూర్చోవాలో, కొండ మీద మరుగుదొడ్డి ఎటుందో చెప్పి, చివర్లో లోయ సంగతి చెబుతాడు. అక్కడ అరిస్తే ప్రతిధ్వని వెంటనే రాదు. నెల పట్టొచ్చు, ఆరేళ్ళు పట్టొచ్చు. వచ్చేది ఒక్కసారే. ఇది విని ఎవరూ నోరు వెళ్ళబెట్టరు. రైళ్ళే వేళకి రావడం లేదు, లోయనేం అంటాం.

"కిందటిసారి ఆకలేస్తోందని అరిచాను, వచ్చిందా?" వెనక సీటు పెద్దాయన అడిగాడు.

"పోయిన వారమే వచ్చిందండీ. అప్పుడందరూ సుబ్బరంగా భోంచేస్తున్నారు."

బస్సంతా నవ్వింది, మూడో సీటులో టైలరమ్మ తప్ప. ఆవిడ రెండేళ్ళుగా నెలకోసారి వస్తోంది. మొదటిసారి భర్తతో వచ్చింది. ఆ పొద్దున ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "నాతో బతకడం మీ వల్ల కాకపోతే ఆ ముక్కేదో చెప్పెయ్యండి," అందావిడ. ఘాట్ రోడ్డు మలుపులకి ఒంట్లో బాగాలేక ఆవిడ బస్సులోనే ఉండిపోతే, ఆయన లోయ దగ్గరికెళ్ళి ఏదో అరిచి నవ్వుతూ తిరిగొచ్చాడు. "నీకు జవాబు లోయకి చెప్పొచ్చాను. వచ్చినప్పుడు విందువుగానిలే." ఎగతాళి మనిషి. వారం తిరక్కుండా పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అప్పట్నించీ మంచమే.

"ఆయన్ని హోములో చేర్చి నా దారి నన్ను చూసుకోమంటున్నాడు మా అన్నయ్య," ఆవిడ గైడుతో ప్రతిసారీ అనే మాటే ఇవాళా అంది. "ఆ జవాబేదో వింటేగానీ తేల్చుకోలేను. ఆ రోజు మీరు పక్కనే ఉన్నారుగా, నిజంగా వినలేదా?"

"గాలండీ. వినబడలేదు."

వినబడింది. 'నీతో బతకడం నా వల్ల కాదు' అని ఆయన గొంతు చించుకుని అరవడం గైడు చెవులారా విన్నాడు. మనసు చివుక్కుమని, ఇంక వినలేక, తలలు లెక్కపెట్టే నెపంతో గబగబా అక్కణ్ణించి వచ్చేశాడు. ఆవిడొచ్చిన రోజల్లా మెడలోని ఈల చేత్తో పట్టుకునే తిరుగుతాడు. లోయలోంచి తిట్లూ, శాపనార్థాలూ, తెగతెంపులూ వస్తుంటే ఈల ఊది అవి వినబడకుండా చెయ్యడం గైడుల ఆనవాయితీ. జనం బస్సుకి టైమైందనుకుంటారు.

లోయ దగ్గర బెంచీ మీద ఆవిడ రెండు బిస్కెట్లు ఇచ్చింది. గైడు మొహమాటపడి రెండూ ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు. సరిగ్గా అప్పుడే వచ్చింది గొంతు. రెండేళ్ళ కిందటిది, ఏ జబ్బూ లేనిది.

"నీతో బతకడం నా వల్ల కాదు..."

గైడు నోట్లోది ఉమ్మేసి ఈల అందుకున్నాడు. ఊపిరి ఉన్నంతసేపూ ఊదాడు. ఆపేసరికి లోయలో ఏ చప్పుడూ లేదు. టైలరమ్మ బిస్కెట్ల పొట్లం జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుని బస్సు వైపు నడిచింది.

బస్సు కదిలాక డ్రైవరు తల తిప్పాడు. ఇందాక అతను లోయలోకి దిగే మెట్ల మీద, ఈల చప్పుడుకి దూరంగా, రెయిలింగు పక్కనే ఉన్నాడు.

"ఏంటి గురూ, అంత మంచి మాటకి ఈలేశావ్?"

"మంచి మాటేంటి?"

"'నీతో బతకడం నా వల్ల కాదు అని నేనేనాడైనా అన్నానటే పిచ్చిదానా' అన్నాడుగా. నువ్వు వినలేదూ?"

గైడు సీట్లు పట్టుకుంటూ ఆవిడ దగ్గరికెళ్ళి అంతా చెప్పాడు. ఆ రోజు తను విన్నదీ, దాచిందీ, ఇవాళ డ్రైవరు విన్నదీ.

ఆవిడ సాంతం వింది. "రెండేళ్ళూ ఏం వినబడలేదన్నారు. నేను సగం వినేసరికి మిగతా సగం కూడా దొరికిందా?" గొంతులో కోపం లేదు. "మీ మంచితనానికి దణ్ణం బాబూ. వెళ్ళి కూర్చోండి."

"డ్రైవర్ని అడగండమ్మా."

"ఆయనా మీ మనిషేగా."

ఆవిడ ఫోను తీసింది.

"అన్నయ్యా, ఆ హోము వాళ్ళని రేపు పొద్దున్నే రమ్మను. ఆఁ, నిజంగానే. ఆయన్నేం అడగక్కర్లేదు. అడిగినా చెప్పలేరుగా."