ఎడమ వెనుక చక్రాన్ని పట్టుకున్న చేయి

నేను ఒక ఇనుప చేతిని. గ్యారేజీల్లో నన్ను ఆర్మ్ అంటారు. ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారు అడుగున ఉండి, ఎడమ వెనుక చక్రాన్ని బండికి కలిపి పట్టుకోవడం నా పని. నా రెండు చివర్లా రబ్బరు బుష్‌లు ఉండేవి. రోడ్డు కొట్టిన దెబ్బని అవి మింగేసి, పైన కూర్చున్నవాళ్లకి ఉయ్యాల ఊపులా అందించేవి.

కొలిమిలో కాగి, అచ్చులో పడి పుట్టానని లీలగా గుర్తు. మొదటి యజమాని విశాఖలో ఒక పెద్దమనిషి. పరుగు కోసం పుట్టిన బండిని కొని, దుమ్ము పడుతుందని గుడ్డ కప్పి ఉంచాడు. చుట్టాలొస్తే గుడ్డ ఎత్తి చూపించి మళ్లీ కప్పేసేవాడు. నేనూ ఆ గుడ్డ కింద ఏళ్ల తరబడి నిద్రపోయాను.

నన్ను మేల్కొలిపినవాడు భానుమూర్తి. ఆ పెద్దమనిషి దగ్గర కారు కొన్న మర్నాడే అరకు ఘాట్ ఎక్కించాడు. మబ్బులు రోడ్డు మీదికి దిగివచ్చి చక్రాల్ని తడుపుతుంటే, లోకం ఇంత మెత్తగా ఉంటుందా అనుకున్నాను.

తర్వాత ఆయన చూపు మసకబారుతూ వచ్చి, ఒకనాటికి పూర్తిగా పోయింది. కారు అమ్మేస్తానన్నాడు. భార్య హైమవతి ఒప్పుకోలేదు. పిల్లలకి ఈత నేర్పే ఆవిడ, ఆ బండి కోసమే డ్రైవింగ్ నేర్చుకుంది. ఆదివారాల్లో ఆవిడ నడుపుతుంటే, ఆయన ఎడమ సీట్లో, సరిగ్గా నాకు ముందు కూర్చునేవాడు.

"కల్వర్టు దాటాం. ఇప్పుడు కాఫీతోటలు మొదలవుతాయి, కదూ?" అనేవాడు. నా ఊపుని బట్టే ఆయనకి దారంతా కనపడేది.

కానీ రబ్బరు ముసలిదైపోయింది. ఒక వానరోజు ఘాట్ మలుపులో నా పట్టు జారింది. బండి తోక లోయవైపు ఈడ్చుకుపోయింది. హైమవతి ఎలాగో స్టీరింగు తిప్పి నిలదొక్కుకుంది.

"భలే ఊగిందే!" అని ఆయన నవ్వాడు. ఆవిడ వేగం తగ్గించి బండిని ఇంటివైపు తిప్పింది.

మర్నాడు గాజువాకలో పైడిరాజు గ్యారేజీకి తీసుకెళ్లింది. అతను బండి ఎత్తి, నన్ను విప్పాడు.

"సూడండమ్మా, బుష్ సిరిగిపోనాది. ఎనక ఆర్ములు రెండూ మార్చీసి, గట్టి బుష్‌లు ఏద్దాం. కుదుపు మాత్రం కాస్త తెలుస్తాది."

"వద్దు," అన్నాడు భానుమూర్తి. "ఆ ఊపు పోతే నాకు రోడ్డే ఉండదు హైమా."

ఆవిడ నన్ను ఎత్తి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన వేళ్లు చిరుగులోకి దిగి, అక్కడే ఆగిపోయాయి.

"ఇంత చిరిగిందా? నాకొక్కమాటైనా చెప్పలేదేం?"

"ఆ ఊపుకి మీరు నవ్వుతుంటారు. ఎలా చెప్పమంటారు? నిన్న పోతామనుకున్నానండీ."

ఆయన నన్ను ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమాడు. ఆఖరికి, "మార్చెయ్ పైడిరాజూ," అన్నాడు. "దీన్ని మాత్రం డిక్కీలో పెట్టు. ఈ ఒక్కసారికి మాతో రానీ."

అలా నా చోట నిగనిగలాడే కొత్త చేయి చేరింది. నేను గోనెసంచిలో పడుకుని అదే ఘాట్ ఎక్కాను. కొత్త బుష్‌లు ఏదీ దాచడంలేదు. గులకరాయి కూడా సూటిగా సీటుకి చేరుతోంది. భానుమూర్తి కల్వర్టు ఊసెత్తలేదు. చాలా దూరం పోయాక, దారితప్పినవాడిలా అడిగాడు:

"ఎక్కడున్నాం?"

"కాఫీతోటల్లో," అంది హైమవతి. ఆ తర్వాత ఆవిడే చెబుతూ పోయింది: మిరియాల తీగలు, రాతిగోడ మీద నాచు, ఎదురొచ్చిన మేకలమంద. ఆయన వింటూ ఉన్నాడు. ఆనాడు బండి జారిన మలుపు వచ్చింది. బండి గీత గీసినట్టు తిరిగింది.

"మలుపు దాటామా?" అన్నాడు ఆయన ఉన్నట్టుండి.

"దాటాం. ఎలా తెలిసింది?"

"తెలియలేదు, అందుకే అడుగుతున్నా. ఎప్పుడూ ఇక్కడ నువ్వు ఊపిరి బిగబట్టేదానివి. ఆ చప్పుడే మలుపనుకునేవాణ్ణి."

ఆవిడ బండి పక్కకి ఆపింది. ఇంజను ఆగాక, మంచులో ఇద్దరి ఊపిరీ నాకు వినిపించింది, నింపాదిగా.

కిందికి దిగాక ఆయనే నన్ను పైడిరాజు చేతికిచ్చాడు. ఇప్పుడు గ్యారేజీ వెనక పాతసామాన్ల కుప్పలో ఉన్నాను. సముద్రం గాలికి ఒంటిమీద తుప్పు పువ్వుల్లా విచ్చుకుంటోంది. హైవే మీద బళ్ల రొద జోలపాటలా ఉంటుంది. వాటిలో ఆ ఎర్రకారు ఎప్పుడు పోతుందో నేను పోల్చుకోలేను. లోపల ఆవిడ చెబుతూ, ఆయన వింటూ ఉంటారు. ఒక్కోసారి ఆ మాటలు ఇంతదూరం వచ్చినట్టే ఉండి, నాకు కునుకు పడుతుంది.