ఉబ్బించిన పాట

ఫోను చెవిన ఉండగానే ఆమె గది మధ్యలో గిర్రున తిరిగింది. ఆల్బమ్ వేసే కంపెనీకి ఆమె పాట నచ్చిందట. రేపు సాయంత్రంలోగా అసలు రికార్డింగు, కుదించని పెద్ద ఫైలు, పంపితే చాలట.

"మా ఆయన దగ్గర భద్రంగా ఉందండీ, పంపేస్తాం," అంది, జలుబుతో బొంగురుపోయిన గొంతుతోనే.

పక్కనే ఉన్న ఆయనగారికి మాత్రం తెలుసు, ఆ ఫైలు ఎప్పుడో పోయిందని. పెళ్ళయిన కొత్తలో, ఆఫీసుకు వెళ్ళే దారంతా ఆమె గొంతే వినాలని, పాటలన్నిటినీ బాగా చిన్న ఎంపీత్రీలుగా కుదించి తన బుల్లి ప్లేయరులోకి ఎక్కించుకున్నాడు. ల్యాప్‌టాప్‌లో చోటు చాలక పెద్దవాటిని తుడిచేశాడు. బస్సు రొదలో తేడా ఏం తెలుస్తుంది?

ఆమె వాళ్ళమ్మకు ఫోన్‌లో కబురు చెబుతుంటే, అతను తలుపు దగ్గరగా వేసి, ఇంట్లో ఉన్న మెమరీ కార్డులన్నీ గాలించాడు. తుడిచేసినవి వెలికితీసే ప్రోగ్రాము కూడా నడిపాడు. పెళ్ళి ఫోటోలు ఒక్కోటి రెండేసి దొరికాయి గానీ పాట దొరకలేదు. దిక్కుతోచక, ఎంపీత్రీనే మళ్ళీ పెద్ద ఫైలుగా మార్చాడు. అది పదింతలు ఉబ్బింది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఏదీ, పంపేముందు ఓసారి విననివ్వండి," అంటూ ఆమె వచ్చి తన పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. వింటూ వింటూ నవ్వు ఆపేసింది.

"రెండో చరణం ముందు నేను ఊపిరి తీసుకున్న చప్పుడుండాలి, అదేది? మా తమ్ముడి గిటారు నీళ్ళలో నానబెట్టినట్టుందేంటి?"

"హెడ్‌ఫోన్లు పాతబడ్డాయేమో."

"నా చెవులు కూడానా?"

అతను గబగబా తన ఫోన్లో పెట్టాడు. "ఇందులో బాగానే ఉంది, విను."

"ఆ స్పీకర్లో కుక్కర్ కూత కూడా పాటలాగే ఉంటుంది. ఫైలేం చేశారు?"

ఇక దాచలేక అంతా చెప్పేశాడు.

"కుదించినప్పుడే పోయింది కదండీ," అందామె నీరసంగా. "తర్వాత ఎంత ఉబ్బించినా డబ్బా పెద్దదవుతుంది, అంతే. పోయింది తిరిగి రాదు."

"నన్ను తిట్టు."

"తిడితే ఉన్న గొంతు కూడా పోతుంది." ఆమె ఒక స్వరం పట్టబోయింది. గొంతు సగంలోనే చిరిగిపోయింది. ఆ తర్వాత ఆమె కళ్ళు తుడుచుకుంది.

"పాట మళ్ళీ రికార్డు చేద్దాం. రేపు పొద్దున్నే తమ్ముణ్ణి గిటారు తెమ్మంటాను. మీరు సెలవు పెట్టి, బట్టల గదిలో ప్రతిధ్వని రాకుండా గోడల చుట్టూ పరుపులు నిలబెట్టండి. గొంతు ఎంత పలికితే అంతే పాడతాను. ల్యాప్‌టాప్ మాత్రం ముట్టుకోకండి."