కంచె పిన్ని చుట్టాలు

రెండు వందల పదకొండో పలక దగ్గర బకెట్టు దించి, కంచె పిన్ని బ్రష్షును సబ్బునీళ్ళలో ముంచి కింది నుంచి పైకి రుద్దడం మొదలుపెట్టింది. చూసేవాళ్ళకు ఇది తలకిందుల పనిలా కనిపిస్తుంది. పై నుంచి మొదలుపెడితే మురికినీళ్ళు ఎండిన చెక్క మీద చారలు కట్టి కారతాయి, ఆ చారలు ఇక పోవు. అందుకని సబ్బు కింది నుంచి పైకి, కడగడం పై నుంచి కిందికి. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది తొమ్మిది పలకలు పాడుచేసి తనే నేర్చుకుంది.

పార్కు చుట్టూ ఉన్న ఆ చెక్క కంచెకు నాలుగు వందల పద్దెనిమిది పలకలు. ఒక్కొక్కటీ కడిగి, ఎండనిచ్చి, ఉప్పు కాగితంతో నునుపు చేసి, అవిసె నూనె పట్టిస్తూ చుట్టు తిరిగి వచ్చేసరికి మొదటి పలక మీద మళ్ళీ పాచి పట్టి ఉంటుంది. గానుగెద్దుకైనా ఒక పూట విశ్రాంతి ఉంటుంది, నీకు లేదని ఆమె భర్త వేళాకోళం చేస్తుంటాడు. ఎవరో సెలవు పెడితే ఆరు నెలల కోసమని వచ్చిన మనిషి ఆమె. ఆ వెళ్ళినాయన తిరిగి రాలేదు, ఈమె కదల్లేదు. ఇరవై నాలుగేళ్ళు గడిచాయి.

మనిషి పొట్టి, సన్నం. ముంజేతులు మాత్రం పహిల్వానువి. గోళ్ళ చుట్టూ దిగిన నూనె మరక ఎంత తోమినా వదలదు. దూరపు అత్త ఇంట్లో పెరిగింది. తోబుట్టువులు లేరు, పిల్లలు కలగలేదు. పదిమంది చుట్టాల మధ్య వేళాకోళాలాడుకుంటూ బతకాలని ఆమెకు మహా సరదా. ఆ సరదా పలకలతో తీర్చుకుంది. గాలి వీస్తే చాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని కీచుమనే రెండు పలకలు తోడికోడళ్ళు. గుంజకు ఎడంగా జరిగి పక్కకు తిరిగి ఉన్నది అలిగిన కోడలు. నిమిరితే ముల్లు గుచ్చేది ఆడపడుచు. వేలితో కొట్టినా పలకనిది చెవిటి తాతయ్య. పొద్దున్నే వాళ్ళందరినీ పేరుపేరునా పలకరిస్తే గాని ఆమెకు పని సాగదు.

ఈ రోజు ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు. పొద్దున సూపర్వైజరు ఒక అప్పగింత కాగితం ఇచ్చాడు. "చెక్క కంచె ఒకటి, పరిస్థితి బాగుంది" అని ఉంది అందులో. ఇంత పెద్ద కుటుంబాన్ని ఒక్క ముక్కలో తేల్చేశారే అనుకుంటూనే సంతకం పెట్టింది. రేపు ఉదయం ఆరున్నరకు భార్యాభర్తలిద్దరికీ బస్సు ఉంది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి పోయిన ఏడాది దిగిపోయిన ఆయనకు, ఒక్కసారి కిటికీ పక్క సీట్లో కూర్చుని ఊళ్ళు చూసుకుంటూ పోవాలని కోరిక. ఎక్కడికని అడిగితే, ఎక్కడ బాగుంటే అక్కడ దిగుదాం అన్నాడు. ఆ మాటకే ఆమె నాలుగు రోజులుగా గాల్లో తేలిపోతోంది.

ఒక్క దిగులు మాత్రం గొంతులో ముల్లులా ఉంది. ఆమె చోటులోకి వచ్చినవాడు ఇన్నాళ్ళూ డిపోలో బస్సులు కడిగాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్థుడే. కాని వస్తూ వస్తూ నీళ్ళను ఈటెలా చిమ్మే యంత్రం ఒకటి తెచ్చుకున్నాడు. తోటమాలులు దానికి అప్పుడే ఫిరంగి అని పేరు పెట్టేశారు. నాలుగు రోజుల్లో మొత్తం కంచె కడిగేస్తానని అతను సూపర్వైజరుకు మాట ఇచ్చాడట. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. పిన్ని కోరేది ఒక్కటే, రేపటి నుంచి ఈ కంచె మీద మనిషి చెయ్యి పడాలి, ఫిరంగి కాదు.

పొద్దున్నే అతన్ని వెంట తిప్పి చుట్టాలను పరిచయం చేసింది. అతను మొహమాటానికి తలూపాడు. పాపం, పెద్దావిడకు కాస్త చాదస్తం అనుకుంటున్నాడని అతని నవ్వులోనే తెలిసింది. దాంతో ఆమెకు పౌరుషం వచ్చింది. ఒక్క పలక మీద ఆ ఫిరంగి పేల్చి చూపించమని, ఆపైన అతని ఇష్టమని చెప్పి ఆడపడుచు ముందు నిలబెట్టింది.

యంత్రం బుస్సుమంది. నెలల పాచి రెప్పపాటులో ఎగిరిపోయి, లోపలి చెక్క పసుప్పచ్చగా బయటపడింది. నిజం చెప్పాలంటే ఆమెకే ఒక్క క్షణం నోరూరింది. కాని తడి ఆరే కొద్దీ పలక ఒళ్ళంతా నూగు లేచింది, పిల్లి వీపున బొచ్చు నిక్కినట్టు. వచ్చే వానకు ఆ నూగు సందుల్లోకి నీళ్ళు దిగుతాయని ఆమె చెప్పబోయేంతలో, ఊపు మీదున్న అతను గొట్టాన్ని పక్కకు తిప్పాడు. పక్కనున్నది చెవిటి తాతయ్య. పలక అడుగున పిడికెడు బొక్క పడింది. అందులోంచి దూసుకుపోయిన నీళ్ళకు అవతల నడిచివెళ్తున్న సూపర్వైజరు మోకాళ్ళదాకా తడిసి నిలబడిపోయాడు.

 కొత్తతను యంత్రం ఆపి, గొట్టాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

"కావాలని చెయ్యలేదు పిన్నీ. మొదటి పూటే బొక్క పెట్టేశాను."

పిన్ని చేతికి ఇంతకంటే మంచి అదను దొరకదు. తడిసిన సూపర్వైజరు ఎదురుగా ఉన్నాడు. చూశారా అని ఒక్క మాట అంటే సాయంత్రానికి ఫిరంగి డిపోకు తిరిగిపోతుంది. ఆమె నోరు తెరిచింది కూడా. కాని ఆ బొక్క సంగతి ఆమెకు ముందే తెలుసు. తప్పు అతని నెత్తిన రుద్దితే, రేపు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఊళ్ళు కనిపించవు.

"అతని తప్పేం లేదండీ," అంది సూపర్వైజరుతో. "అది పుచ్చి మూడేళ్ళయింది. రంపపుపొట్టూ జిగురూ కలిపి కూరుతూ వచ్చాను. పెద్దాయన కదా, తీసెయ్యడానికి చెయ్యి రాలేదు."

సూపర్వైజరు తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు, బొక్క వంక చూశాడు. కాగితంలో బాగుంది అని రాశాం కదా, సాయంత్రంలోగా ఆ మాట నిజం చెయ్యండి అని, నవ్వాపుకుంటూ చెప్పుల్లో నీళ్ళు చప్పుడవుతుండగా వెళ్ళిపోయాడు.

ఇద్దరూ కలిసి మేకులు లాగారు. తాతయ్య ఏమీ గొడవ చెయ్యకుండా ఊడి వచ్చాడు, లోపల పొట్టు తప్ప చెక్క లేదు. పక్కనున్న ఆడపడుచు అంచు కూడా నల్లబడటం అప్పుడు చూసింది పిన్ని. ఇంకో వర్షాకాలం గడిస్తే ఆ చెమ్మ వరసంతా పాకేది. ముద్దు చేసి ముప్పు తెచ్చానని తనను తానే తిట్టుకుంది. తాతయ్యను గడ్డిలో వెల్లకిలా పడుకోబెట్టి, మూడేళ్ళు తను కూరిన జిగురు ముద్దను ఒకసారి నిమిరింది. కళ్ళు చెమర్చాయి. వెంటనే తుడుచుకుని సుత్తి అందుకుంది.

కొత్త పలక కొలిచి కోసింది అతనే. చెయ్యి తిరిగిన మనిషే. రెండుసార్లు కొలిచి ఒక్కసారే కోశాడు. అడుగు భాగానికి నేల తగలకుండా రెండు వేళ్ళ ఎడం ఎందుకు వదలాలో అడిగి తెలుసుకున్నాడు. తరవాత ఆమె అడక్కుండానే ఉప్పు కాగితం తీసుకుని ఆడపడుచు ముందు గొంతుక్కూర్చుని, చెక్క గీతల వెంబడే మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు. అరగంటకు తలెత్తి, వేలితో పక్క పలకను కొట్టి విని, దాని అవతలి పలకను కొట్టి విన్నాడు.

"నాలుగు రోజులన్నాను. ఎన్నాళ్ళు పడుతుంది పిన్నీ?"

"నాకు ఏడాది. నీకు ఇంకో రెండు నెలలు ఎక్కువ."

అతను బెదిరిపోలేదు. ఫిరంగి నడకదారి బండలకు బాగా పనికొస్తుందని తనే అన్నాడు, దాన్ని అటు దొర్లించుకుపోయి పెట్టి వచ్చాడు. సాయంత్రం ఎండ వాలుతుండగా కొత్త పలక ముందు నిలబడి దీని పేరేమిటని అడిగాడు. తనకు దానితో పరిచయం లేదని, నీ చుట్టానికి నువ్వే పేరు పెట్టుకోమని అంది పిన్ని.

అతను నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. నెరిసిపోయిన పాత పలకల మధ్య అది పచ్చగా మెరుస్తూ, నిటారుగా బిగుసుకుని, ఎటు చూడాలో తెలియనట్టు నిలబడి ఉంది.

"కొత్త అల్లుడు," అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ.

పిన్ని నవ్వింది. పొట్ట పట్టుకుని, గుంజకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. గొంతులో ముల్లు ఎప్పుడు పోయిందో పోయింది. కొత్త చెక్కను వారం రోజులు ఎండ తాగనిచ్చి, ఆ తరవాతే నూనె పట్టించమని చెప్పింది. పనిలో పైన వేసుకునే భర్త పాత చొక్కాను విప్పి, దులిపి, మడతపెట్టి ఆ పలక తల మీద వేసింది.

"అల్లుణ్ణి ఉత్త చేతులతో చూడకూడదు కదా," అంది.

గేటు దాకా నవ్వుకుంటూనే వెళ్ళింది, వెనక్కి తిరిగి చూడలేదు. రోడ్డవతల ఆమె భర్త రెండు సంచులూ అప్పుడే సర్దేశానన్న మొహంతో ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ మలుపు తిరిగిపోయారు.

అతను వంగి సబ్బునీళ్ళ బకెట్టు అందుకుని, రెండు వందల పన్నెండో పలకను కింది నుంచి పైకి రుద్దడం మొదలుపెట్టాడు. కొత్త అల్లుడి మీద, మోచేతి దగ్గర మాసిక వేసిన నూనె మరకల నీలం చొక్కా, ఒక చెయ్యి మడత విడిపోయి గాలికి మెల్లగా ఊగుతోంది.