కమాను మీది సిలువ

బాపట్ల చర్చిలో హెలెన్ తన బాబాయి గురించి చెప్పని ఆదివారం లేదు. రేపల్లె దగ్గర వాళ్ళ ఊళ్ళో కరుణాకర్ బాబాయి మాటంటే అందరికీ గురి. కరెంటాఫీసులో రిటైరయ్యాక, గుడి కమిటీ పెద్ద రంగనాయకులుతో కలిసి ఆయన శాంతి కమిటీ పెట్టాడు. మైకుల దగ్గరా ఊరేగింపుల దగ్గరా రాజుకున్న గొడవలు ఆయన వరండాలో చల్లారేవి. బడిలో తోటి టీచర్లకు ఆ సంగతులు చెప్పి హెలెన్ మురిసిపోయేది.

శుక్రవారం సుజన పిన్ని ఫోన్ చేసింది. బుధవారం పొద్దున చూస్తే సమాధుల తోట కమాను మీది సిలువ విరిగి కిందపడి ఉందట. గుడి వీధి కుర్రాళ్ళ పనేనని చర్చి సంఘంలో అందరూ అంటున్నారట. పోలీసు స్టేషనుకు బయల్దేరినవాళ్ళను బాబాయి ఆపి, ఆదివారం దాకా ఓపిక పట్టమన్నాడట.

"మీ బాబాయి వాళ్ళ మనిషైపోయాడంటున్నారమ్మా. నాతో కూడా ఏం చెప్పట్లేదు," అంది పిన్ని.

మర్నాడే హెలెన్ బయల్దేరి, తెనాలిలో దిగి రేపల్లె బండెక్కింది. ఎదురు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఆ సంగతే మాట్లాడుకుంటున్నారు. గుడి మండపం ప్రారంభానికి కరుణాకర్‌ను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారనీ, అప్పట్నించే మనిషి మారిపోయాడనీ. ఆ శాలువా కప్పినప్పటి ఫోటోను హెలెన్ అప్పట్లో బడంతా తిప్పి చూపించింది. ఇప్పుడు ఫోన్‌లో మళ్ళీ తీసి చూస్తే బాబాయి నవ్వు ఎందుకో మరీ వినయంగా, ఎవరికో లోబడినట్టుగా కనిపించింది.

ఊళ్ళోకి వెళ్ళేసరికి బాబాయి రంగనాయకులు ఇంట్లోంచి బయటికొస్తూ ఎదురయ్యాడు. ఆమెను చూసి సంతోషపడ్డాడుగానీ అక్కడేం పనో చెప్పలేదు. భోజనాల దగ్గర ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఆ కుర్రాళ్ళు కాదని నీకు తెలుసా బాబాయ్?"

"తెలుసు."

"మరి ఎవరు?"

ఆయన కంచంలో చెయ్యి ఆపాడు. "చెప్పాల్సినవాడే చెప్పాలి హెలెనమ్మా. నేను చెప్తే చాడీ అవుద్ది."

రంగనాయకులు ఇంటివాళ్ళెవరినో బాబాయి కాపాడుతున్నాడనుకుంది ఆమె. సాయంత్రం ఆయన చర్చిలో పాటలు పాడించే కోటయ్య ఇంటికి వెళ్తే, సంఘంలో ఒక్కొక్కరినీ తనవైపు తిప్పుకుంటున్నాడనుకుంది. శాలువా కోసం సొంతవాళ్ళను వదులుకుంటాడా? ఆ ఆలోచనకు తనకే సిగ్గేసింది, అయినా అది మనసులోంచి పోలేదు.

ఆదివారం ఆరాధన ముగియగానే సంఘ పెద్ద సుందరయ్య లేచి, వాళ్ళతో నీకున్న లాలూచీ ఏంటని అందరి ముందూ బాబాయిని నిలదీశాడు. బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హెలెన్ తల దించుకుంది.

అప్పుడు వెనక బెంచీలోంచి కోటయ్య లేచాడు.

"నా ట్రాక్టరేనండి," అన్నాడు. "గడ్డి ఎత్తుగా వేసుకుని తోటలోంచి అడ్డదారిన వస్తుంటే కమానుకు తగిలింది. సిలువ పడటం చూసి భయమేసి ఆగకుండా పోయాను. మీరు ఆ పిల్లల పేర్లంటుంటే నోరు పెగల్లేదు."

కమాను చువ్వల్లో ఇరుక్కున్న వరిగడ్డిని కరుణాకర్ మొదటి రోజే చూశాడట; ఆ దారిన గడ్డి తోలేది కోటయ్య ఒక్కడే. రోజూ సాయంత్రం వచ్చి తన పక్కన కూర్చునేవాడనీ, తిట్టలేదు, బెదిరించలేదనీ, నువ్వు చెప్పేదాకా నేను చెప్పనని మాత్రం అన్నాడనీ కోటయ్య చెప్పాడు. బాబాయి రంగనాయకులు ఇంటికి వెళ్ళింది, చెయ్యని తప్పు తమ మీద పడిందని రగిలిపోతున్న కుర్రాళ్ళను ఆయన చేత ఆపించడానికట.

ఎవరూ బాబాయిని మెచ్చుకోలేదు. ముందే చెప్పకుండా మమ్మల్నెందుకు వెర్రివాళ్ళను చేశావని సుందరయ్య విసుక్కున్నాడు. పిన్ని మాత్రం పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

బాబాయి కోటయ్యను గుడి వీధికి తీసుకెళ్తుంటే హెలెన్ కూడా వెంట నడిచింది. కుర్రాళ్ళు మొహాలు ముడుచుకుని గోడకానుకుని ఉన్నారు. కోటయ్య క్షమాపణ అడుగుతుండగానే ఒకడు విసురుగా వెళ్ళిపోయాడు. రంగనాయకులు లోపల్నించి కుర్చీలు తెమ్మన్నాడు. హెలెన్‌ను చూసి, ఈ అమ్మాయి ఎవరని కరుణాకర్‌ను అడిగాడు.

బాబాయి నోరు తెరిచేలోపే ఆమె జవాబిచ్చింది.

"కరుణాకర్‌గారి అన్న కూతుర్నండి."

వీధిలో అందరికీ వినపడేలా చెప్పి, కుర్చీ లాక్కుని బాబాయి పక్కన కూర్చుంది.