చిల్లా ఎప్పటినుంచి

మా ఆయన ఫకీర్ సాహెబ్ గడపకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారంటే ఇక ఆ దారిన పిల్లి కూడా పోదు. ఆ రోజు అలాగే కూర్చున్నారు.

"చిల్లా అవ్వకుండా బాలింతా పసిగుంటా గడప దాటడమేటి? మనింట ఎప్పుడైనా జరిగిందా?"

చిల్లా అంటే మా వాళ్లలో కాన్పయ్యాక తల్లీబిడ్డా నలభై రోజులు ఇల్లు కదలకూడదన్న కట్టుబాటు. నా కాన్పుకు నేనూ పాటించినదాన్నే. కానీ మా అమ్మాయి సనాకు ఏడో నెలలోనే కాన్పయింది. పిల్ల రెండు గుప్పిళ్లంత ఉంది. ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పడుకుని, గొట్టంతో ఊపిరి తెచ్చుకుని బతికింది. ఇంటికి పంపేటప్పుడు వాళ్లు ఒకటే మాట చెప్పారు. నెల నిండకముందే విశాఖలో కళ్లు చూపించాలి, ఆలస్యమైతే చూపు పోవచ్చు అని. నెల నిండబోతోంది.

నాకు ఒళ్లు మండింది. "కడుపులో తొమ్మిది నెలలే ఆగని గుంట మీ నలభై రోజులు ఆగుతాదా? దాని కళ్లు పోతే మీ చిల్లా తెచ్చిస్తాదా? లెగండి!"

లేవలేదు. సనాను కుర్చీ పక్కనుంచి దాటించి, పిల్లను గుండెకు అదుముకుని నేనూ దాటాను. "నీ ఇష్టం. నాతో మాత్రం ఇక మాటాడకు" అని వెనకనుంచి వినిపించింది. గోవాడ దాటేదాకా కారు ముందు చెరుకు ట్రాక్టర్లే. ఒక్కడూ పక్కకు తప్పుకోడు. మా ఆయనతో కలిపి వాళ్లందరినీ తిట్టుకుంటూ వెళ్లాను.

విశాఖలో డాక్టర్ శ్రీసుధ పిల్ల కళ్లకు ఫొటోలు తీసి, కంప్యూటర్ మావైపు తిప్పింది. నారింజ రంగు మీద సన్నటి ఎర్ర దారాలు. ఒకచోట మొదలై, పాయలు పాయలుగా చీలి, సగం దారిలో ఒక గీత దగ్గర ఆగిపోయాయి. గీత అవతల అంతా బూడిద రంగే.

"ఇవి కంటి వెనక పొరకు రక్తం తెచ్చే నాళాలమ్మా. నాలుగో నెలనుంచి కడుపులో పెరుగుతూ వస్తాయి. అంచు చేరేసరికి నెలలు నిండుతాయి. పాప మధ్యలోనే బయటికొచ్చేసింది" అంది డాక్టర్.

రక్తం అందని ఆ బూడిద భాగం 'నాకు రక్తం కావాలి' అని కేకేసినట్టు ఒక పదార్థాన్ని వదులుతోందట. ఆ కేక ఎక్కువై గీత దగ్గర పిచ్చి నాళాలు మొలుస్తున్నాయట. వదిలేస్తే అవి పొరనే లాగి ఊడదీస్తాయట. కంట్లోకి మందు ఎక్కిస్తే ఆ కేక తగ్గుతుందట. "ఆగిపోయిన మంచి నాళాలు మళ్లీ బయల్దేరవచ్చు. ఒక్కోసారి లేజర్ కూడా అవసరమవుతుంది. ముందే మాట ఇవ్వలేను" అంది.

కంట్లో సూది! సనా వెక్కి వెక్కి ఏడ్చింది. మందు చూస్తే బొట్టులో పిసరంత. ఈ పిసరుతోనా నా మనవరాలి లోకమంతా నిలబడాలి, యా అల్లా!

సూది వేసిన వారానికి పిచ్చి నాళాలు వాడిపోయాయి. గీత మాత్రం అక్కడే ఉంది. మళ్లీ రమ్మన్న రోజు సరిగ్గా చిల్లా తీరి స్నానం చేయించే రోజయింది. పెరట్లో బిర్యానీ డేగిసాలు పొయ్యెక్కాయి. పిల్లకు టోపీ తొడుగుతుంటే మా ఆయన ఇస్త్రీ చొక్కాలో వచ్చి, నన్ను వదిలేసి సనాతో అన్నారు. "నేనూ వస్తన్నానమ్మా. అదేటో నేనూ సూస్తాను."

డాక్టర్ పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టింది. నేను ఆ గీత కోసం వెతికాను. ఎర్ర దారాలు దాన్ని దాటేశాయి! వెంట్రుకకన్నా సన్నగా, ఏమీ లేని ఆ బూడిదలోకి నడుచుకుంటూ పోతున్నాయి.

"వీటికి దారి ఎవరు సెప్పేరమ్మా?" అన్నాను.

"కొంత తెలుసు. కొంత ఇంకా వెతుకుతున్నాం. చూసిన ప్రతిసారీ నాకూ ఆశ్చర్యమే."

నాకు ఒళ్లు జలదరించింది. సనా కడుపు చీకట్లో జరగాల్సిన పని నా ఒడిలో జరుగుతోంది. పిల్లేమో అదేమీ పట్టనట్టు పిడికిలి చప్పరిస్తోంది. కళ్లనీళ్లు ఆగలేదు, ఆపుకోలేదు కూడా.

మా ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వంగి చూశారు. "అంచు దాకా ఎప్పటికి ఎల్తాయమ్మా?"

"ఇంకా కొన్ని వారాలు. అప్పటిదాకా తెస్తూనే ఉండాలండి. అసలు ఈ పనంతా అయ్యాకే పుట్టాల్సింది కదా."

పిల్లనెత్తుకుని వరండాలోకి వచ్చాం. ఆయన అక్కడినుంచే, ఇంటి దగ్గర బిర్యానీ వండుతున్న అనస్‌కు ఫోన్ చేశారు.

"ఒరే అనస్, వొండింది అందరూ తినీండి. చిల్లా మాత్రం ఇయ్యాల లేదు... నలభై అయితే అయ్యేయి రా! గుంట పుట్టడం ఇంకా అవ్వలేదు. మొత్తం పుట్టేక అప్పట్నుంచి లెక్కెడదాం. అందాకా అది ఎక్కడికైనా ఎల్తాది."

ఫోన్ జేబులో పెట్టి నావైపు తిరిగారు. గడప దగ్గర గొడవయ్యాక నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

"ఖమర్, గుంటని కుదపకు. లోపల పని జరుగుతంది."